మూడో రోజు తూకం

కాన్పయి ఇంటికొచ్చిన పచ్చి బాలింతను మొదటి వారమంతా వెంటాడే మాట ఒకటే: పాలు చాలుతున్నాయా? అడిగేది అత్త కావచ్చు, చూడవచ్చిన చుట్టం కావచ్చు. బిడ్డ ఏడిస్తే చాలక ఏడుస్తున్నాడంటారు. రాత్రి మేలుకుంటే కడుపు నిండలేదంటారు. గంటకోసారి రొమ్ము వెతుక్కుంటే అసలు పాలే పడలేదని తేల్చేస్తారు. తల్లి దగ్గర జవాబు ఉండదు. సీసాకు గీతలుంటాయి గానీ రొమ్ముకు ఉండవు కదా. పోతపాలు మొదలుపెట్టడానికి ప్రపంచమంతటా తల్లులు చెప్పే కారణాల్లో పాలు చాలవన్న అనుమానమే ముందు వరసలో ఉంటుందని 2023లో లాన్సెట్ పత్రిక వేసిన వ్యాసాలు చెప్పాయి. భద్రాచలం ఏజెన్సీలోనూ ఆ అనుమానమే మందుల షాపు దాకా నడిపిస్తుంది. నిజానికి పసిబిడ్డకు రోజుకు ఎన్ని పాలు కావాలన్న ప్రశ్నకు అంకెల్లో జవాబు ఉంది. ఆ అంకెలు డాక్టరుకు, నర్సుకు, ఆశా కార్యకర్తకు నోటికి వచ్చి ఉండాలి. తల్లికి వాటితో పెద్దగా పనిలేదు. ఆమెకు కావలసింది మూడో రోజున ఇంటికొచ్చి, బిడ్డను తూచి, భయపడాలో అక్కర్లేదో చెప్పే మనిషి. మన ప్రభుత్వాలు తల్లిపాల గురించి చెప్పే మాటలకు కొదవలేదు. ఆ తూకానికే కొదవ.

ముందు అంకెలు చూద్దాం. పుట్టిన మొదటి ఇరవై నాలుగు గంటల్లో బిడ్డ ఒక్కోసారికి తాగేది రెండు నుంచి పది మిల్లీలీటర్లు, అంటే చిన్న చెంచాతో అరచెంచా నుంచి రెండు చెంచాలు. రెండో రోజు అయిదు నుంచి పదిహేను, మూడో రోజు పదిహేను నుంచి ముప్పై, నాలుగో రోజు ముప్పై నుంచి అరవై. ఉగ్గుగిన్నెలో పోస్తే అడుగు తడిసేటన్ని ముర్రుపాలు చూసి "ఇవేం పాలు" అని పెదవి విరిచేవాళ్లకు తెలియని సంగతి ఏమంటే, ఆ బిడ్డ పొట్టకు ఆ రోజున పట్టేదీ, కావలసిందీ దాదాపు అంతే. ఆ తర్వాత రోజురోజుకూ పెరిగి నెల నిండేసరికి రోజుకు 750, 800 మిల్లీలీటర్ల దగ్గర నిలకడ పడుతుంది. ఆరో నెల దాకా కాస్త అటూఇటూగా అక్కడే ఉంటుంది. బిడ్డ రెట్టింపు బరువెక్కినా పాలు రెట్టింపు కావు, ఎందుకంటే పెరుగుదల వేగం నెలనెలకూ తగ్గుతూ వస్తుంది. పాలపొడి డబ్బా మీది పట్టికలో మాత్రం ఒక్కో పూటకు పట్టాల్సిన పాలు నెలనెలకూ పెరుగుతూ పోతాయి. దాన్ని చదివిన తల్లికి తన పాలు వెనకబడ్డాయనిపించడంలో వింతేమీ లేదు.

ఆ 750, 800 కూడా సగటు లెక్కే. పశ్చిమ ఆస్ట్రేలియాలో కెంట్ బృందం 71 మంది తల్లుల దగ్గర, ఒకటి నుంచి ఆరు నెలల వయసున్న వారి పిల్లలను ప్రతిసారీ పాలిచ్చే ముందూ తర్వాతా తూచి 2006లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో ఇప్పటికీ ప్రామాణికం. సగటున రోజుకు 788 గ్రాములు. కానీ తక్కువ తాగిన బిడ్డ 478 గ్రాములు, ఎక్కువ తాగిన బిడ్డ 1,356 గ్రాములు. అందరూ చక్కగా పెరుగుతున్న పిల్లలే. రోజుకు పాలు తాగిన సార్లు సగటున పదకొండు. ఇంకో ముచ్చట, బిడ్డలు రొమ్ములో ఉన్న పాలలో సగటున మూడింట రెండొంతులే తాగి వదిలేశారు. కడుపు నిండితే ఆపేశారన్నమాట, పాలు అయిపోయి కాదు. ఇంత తేడా ఉన్నప్పుడు ఏ తల్లికి ఏ అంకె చెప్తాం? 800 అని చెప్పామా, 500తో బంగారంలా పెరుగుతున్న బిడ్డ తల్లి దిగులు పడుతుంది. 500 చాలన్నామా, 1,000 కావలసిన బిడ్డకు ఆకలి మిగులుతుంది.

అందుకే పాల కొలతను బిడ్డ ఒంట్లోనే వెతకాలి. అయిదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోయాలి. నల్లటి తొలి విరేచనం నాలుగైదు రోజులకు పసుపురంగుకు తిరగాలి. అన్నిటికన్నా నమ్మదగింది బరువు. పుట్టిన దాదాపు ప్రతి బిడ్డా మొదట తగ్గుతుంది. రెండు కిలోల ఏడు వందల గ్రాములతో పుట్టిన బిడ్డ మూడో రోజుకు 190 గ్రాముల దాకా తగ్గితే అది సృష్టి సహజం. తగ్గుదల 270 గ్రాములకు, అంటే పదో వంతుకు చేరిందంటే ఎవరో ఒకరు ఆ రోజే తల్లి పక్కన కూర్చుని బిడ్డ రొమ్ము ఎలా పడుతున్నదో చూడాలి. రెండు వారాల్లో పుట్టినప్పటి బరువుకు తిరిగి రావాలి. అక్కడి నుంచి మూడు నెలల దాకా రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. ఈ లెక్కంతా తెలియడానికి యంత్రాలేవీ అక్కర్లేదు. ఆశా కార్యకర్త సంచిలో ఉండే, గుడ్డ ఉయ్యాలలో బిడ్డను వేలాడదీసి తూచే స్ప్రింగు తక్కెడ చాలు.

మూడో రోజునే ఇంతగా పట్టుకోవడానికి కారణం ఉంది. మామూలు కాన్పయితే సర్కారు దవాఖానాలో నలభై ఎనిమిది గంటలు ఉంచి పంపిస్తారు. చిక్కటి ముర్రుపాలు పోయి రొమ్ములు బరువెక్కి పాలు ధారగా పడేది రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య. సిజేరియన్ అయితే ఇంకాస్త ఆలస్యం. అంటే అమ్మ ఒడి బండి బాలింతను ఊళ్లో దించి వెళ్లే సమయమూ, బిడ్డ బరువు అట్టడుగున ఉండే సమయమూ, పాలు ఇంకా పూర్తిగా పడని సమయమూ ఒక్కటే. వార్డులో నర్సు ఉంది, ఊళ్లో నలుగురూ నాలుగు మాటలు చెప్పేవాళ్లున్నారు. డబ్బా ఇంట్లోకి వచ్చేది ఆ సందులోనే. ఒకసారి వచ్చాక దాని పని అది చేసుకుపోతుంది. బిడ్డ సీసాతో కడుపు నింపుకుంటే రొమ్మును చీకడం తగ్గిస్తుంది, చీకడం తగ్గితే పాలు తగ్గుతాయి. నిజంగా పాలు చాలని స్థితి వారం తిరక్కుండా వచ్చేస్తుంది. అనుమానంతో మొదలైంది నిజమై కూర్చుంటుంది.

కాన్పులన్నీ ఆసుపత్రిలోనే జరిగితే ఇదంతా సర్దుకుంటుందని ఒకప్పుడు అనుకున్నాం. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 97 శాతం ఆసుపత్రుల్లోనే. అదే సర్వేలో, పుట్టిన గంటలోపు రొమ్ము అందుకున్న పిల్లలు 37 శాతం మాత్రమే. సిజేరియన్లు 60.7 శాతం, దేశం సగటు 21.5. ఆపరేషన్ గదిలో తల్లి ఒకచోట, తువ్వాలు చుట్టిన బిడ్డ బయట నాయనమ్మ చేతిలో ఒకచోట ఉంటే గంట గడిచిపోవడం ఎంతసేపు? ఆ గంటలోనే తేనె చుక్కో, చక్కెర నీళ్లో నాలుక మీద పడతాయి. ఆపరేషనైనా పర్వాలేదు, బిడ్డను అక్కడే తల్లి రొమ్మున వేయించొచ్చు. కామారెడ్డి జిల్లా బాన్సువాడ సర్కారు ఆసుపత్రి తల్లిపాల విషయంలో 2022లో జాతీయ గుర్తింపు తెచ్చుకుంది. అక్కడ అయినది భద్రాచలంలో కాకుండా పోదు.

ఇంటి దగ్గరి సంగతికి వస్తే, పథకం కాగితం మీద పక్కాగానే ఉంది. ఆసుపత్రి కాన్పు అయితే మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండు రోజులకు ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి బిడ్డను చూడాలి. 2011 నుంచి దేశమంతా ఇదే పద్ధతి. ఈ ఆరు రాకపోకలకూ కలిపి ఆమెకిచ్చేది 250 రూపాయలు. ఒక్కో రాకకు నలభై రూపాయల చిల్లర. గుత్తికోయల గుంపు ఒకటి రోడ్డుకు నాలుగు కిలోమీటర్ల లోపల అడవిలో ఉంటే, మధ్యలో వాగు పొంగుతుంటే, ఆ నలభై రూపాయలకు ఏ రోజు చూడాల్సిన బిడ్డను ఆ రోజే చూడమనడం మర్యాద కాదు. ఫారం నింపడానికి ఏడో రోజుకు వెళ్లినా లెక్క సరిపోతుంది, బిడ్డకు మాత్రం మూడో రోజు మళ్లీ రాదు. ఆ ఒక్క రాకకు వేరుగా, గౌరవంగా డబ్బు కట్టి, బరువు రాసిన చీటీనే దానికి సాక్ష్యంగా తీసుకుంటే ఖర్చు ఎంతో కాదు.

"ఇంత తంటా ఎందుకు, అనుమానముంటే డబ్బా పాలు పట్టేస్తే పోలా?" అనేవాళ్లున్నారు. చదువుకున్నవాళ్లలోనే ఎక్కువ. సరే, లెక్క వేద్దాం. తల్లిపాలు లేని బిడ్డకు రోజుకు కిలో బరువుకు 150 మిల్లీలీటర్ల చొప్పున పాలు కలపాలి. అయిదు కిలోల బిడ్డకు 750. దానికి పొడి వంద గ్రాముల పైమాటే. నాలుగు వందల గ్రాముల డబ్బా నాలుగు రోజులకు మించి రాదు. డబ్బా నాలుగు వందల రూపాయలనుకుంటే నెలకు మూడు వేలు దాటుతుంది. ఎండాకాలం ఈ అడవుల్లో ఇంటింటికీ కాస్త రొక్కం తెచ్చేది తునికాకు. యాభై ఆకుల కట్టకు మూడు రూపాయల చొప్పున చూస్తే, ఒక్క డబ్బాకు 133 కట్టలు, అంటే 6,600కు పైగా ఆకులు తెంపి, పేర్చి, కట్టాలి. నాలుగు రోజుల పాలకు. ఏ ఇల్లు తట్టుకుంటుంది? అందుకే పొడిని సాగదీస్తారు. ముప్పై మిల్లీలీటర్లకు వేయాల్సిన కొలతను అరవైకి వేస్తారు. సీసా తెల్లగానే కనిపిస్తుంది, బిడ్డ పొట్ట నిండినట్టే ఉబ్బుతుంది, బరువు మాత్రం ఎక్కదు. పోనీ గేదెపాలో ఆవుపాలో పడదామంటే, తల్లిపాలలో వంద మిల్లీలీటర్లకు ఒక గ్రాము మాంసకృత్తులుంటే ఆవుపాలలో మూడు గ్రాముల పైన, గేదెపాలలో ఇంకా ఎక్కువ. లేత మూత్రపిండాలకు అది మోయలేని బరువు. నీళ్లు కలిపి పలచన చేస్తే శక్తి పోతుంది, రక్తానికి కావలసిన ఇనుము ఎటూ ఉండదు.

డబ్బా వెంట నీళ్లు కూడా కావాలి. పాలపొడిలో సూక్ష్మక్రిములు ఉండే అవకాశం ఉంది కాబట్టి, కాచి డెబ్బై డిగ్రీలకు తగ్గకుండా ఉన్న నీళ్లలోనే కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఇక వరద సంగతి చూడండి: 2022 జూలై 16న గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసేది 53 అడుగులకు. పునరావాస శిబిరంలో, తడిసిన కట్టెల మధ్య, బురదనీళ్ల వాసన కొట్టే ట్యాంకరు కింద, రోజుకు ఎనిమిదిసార్లు నీళ్లు కాచి సీసా ఉడకబెట్టడం ఎవరి తరం? అయినా ప్రతి వరదకూ మంచి మనసుతో పాలడబ్బాలు మోసుకొచ్చేవాళ్లుంటారు. 1992లో వచ్చి 2003లో బిగుసుకున్న శిశుపాల ప్రత్యామ్నాయాల చట్టం ఇలాంటి ఉచిత పంపిణీని, ప్రకటనలను, తల్లులకు నమూనాలు ఇవ్వడాన్ని నిషేధించింది. దాతలకు ఆ చట్టం ఉన్నట్టే తెలియదు, తెలిసిన అధికారులు పుణ్యానికి వచ్చినవాళ్లతో పేచీ ఎందుకని ఊరుకుంటారు. శిబిరంలో బాలింతకు కావలసింది నాలుగు చీరలతో కట్టిన చాటు గది, వేళకు వేడి అన్నం.

ఇక్కడ ఇంకో అభ్యంతరం వస్తుంది, దీన్ని తీసిపారేయలేం. తల్లికే తిండి లేదు, రక్తం లేదు, ఆమెకు పాలెక్కడివి? తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అయితే ఆకలి ఎరిగిన పల్లెల్లో చేసిన పరిశోధన మనం అనుకున్నది చెప్పలేదు. ఆఫ్రికాలోని గాంబియా దేశంలో, కెనెబా అనే ఊళ్లో 1980ల మొదట్లో ప్రెంటిస్ బృందం పాలిచ్చే తల్లులకు అదనపు తిండి పెట్టి చూసింది. పాల కొలత పెరగలేదు. అంతకుముందు అరకొర తిండితోనూ ఆ తల్లుల పాలు పెద్దగా తగ్గలేదన్నమాట. తగ్గింది తల్లి ఒళ్లు. కాబట్టి బక్కచిక్కిన తల్లిని చూసి "నీకు పాలు రావు" అనడం తప్పు. "పాలు వస్తున్నాయి కదా" అని ఆమె కంచం సంగతి మరిచిపోవడం అంతకన్నా పెద్ద తప్పు. అంగన్‌వాడీలో ఆరోగ్య లక్ష్మి కింద 2015 నుంచి పెడుతున్న భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు బిడ్డ పాల కోసం పెడుతున్నామనుకుంటాం. అవి ఆ మనిషి కోసం. పథ్యం పేరుతో చారన్నం మీద ఉంచిన బాలింతకు ఆ ముక్క చెప్పేవాళ్లు కావాలి. మే నెల ఎండలకు బిడ్డ నాలుక ఎండిపోతుందని నీళ్లు పట్టేవాళ్లకు చెప్పాల్సిందీ చిన్న ముక్కే: తల్లిపాలలో దాదాపు 88 శాతం నీళ్లే. దాహమేస్తే బిడ్డ ఇంకోసారి చీకుతుంది, బిందె దగ్గరికి పోవాల్సింది తల్లి.

అయితే అంకెలు నిజంగా ప్రాణం నిలిపే చోటు ఒకటుంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, రెండున్నర కిలోలకు తక్కువ పుట్టినవాళ్లు. వీళ్లలో చాలామందికి రొమ్ము పట్టి లాగే సత్తువ ఉండదు. ఆకలేసినా ఏడవరు, మత్తుగా పడుకుంటారు. ఇంట్లోవాళ్లు బుద్ధిమంతుడని మురిసిపోతారు. మన ఊళ్ల తీరు చూడండి: గట్టిగా ఏడ్చే ఆరోగ్యవంతుడికి అక్కర్లేని డబ్బా వస్తుంది, ఏడవని బక్కప్రాణానికి ఏమీ రాదు. ఇలాంటి బిడ్డకు మొదటి రోజు కిలోకు 60 మిల్లీలీటర్లు, ఆపైన రోజుకు ఇరవై చొప్పున పెంచుకుంటూ 160 దాకా వెళ్లాలి. కిలో ఎనిమిది వందల గ్రాముల బిడ్డకు మొదటి రోజు 108, ఎనిమిదిసార్లుగా పంచితే పూటకు పదమూడు, పద్నాలుగు మిల్లీలీటర్లు. ఆరో రోజుకు 288, పూటకు ముప్పై ఆరు. తల్లి చేత్తో పిండిన పాలనే ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో గడియారం చూసి పట్టాలి. అక్కడ సీసాకు పని లేదు. కాన్పులో రక్తం విపరీతంగా పోయిన తల్లికి, థైరాయిడ్ వంటి జబ్బులున్న తల్లికి నిజంగానే పాలు చాలకపోవచ్చు. తల్లిని పోగొట్టుకున్న బిడ్డలూ ఉన్నారు. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో 2017 నుంచి ధాత్రి తల్లిపాల బ్యాంకు నడుస్తున్నది, కానీ అది ఇక్కడికి మూడు వందల కిలోమీటర్ల దూరం. అటువంటి బిడ్డలకు డబ్బా పాలే మందు. మందును రాసిచ్చినట్టే ఎంత పొడి, ఎన్ని నీళ్లు, ఎన్నిసార్లు అని చీటీ మీద రాసి, ఆ డబ్బాల ఖర్చు సర్కారు భరించాలి. తల్లిపాల గొప్పతనం చెప్పే ఊపులో ఈ తల్లులను నేరస్తుల్లా చూడటం ప్రచారాల్లో తరచుగా జరుగుతున్నది. అది మానాలి.

పని సంగతి కూడా చెప్పాలి. ఆరు నెలలూ తల్లిపాలే అంటే రోజుకు పదిసార్లకు పైగా బిడ్డ తల్లి దగ్గర ఉండాలి. ఉద్యోగం చేసే ఆమెకు 2017 సవరణతో 26 వారాల జీతంతో సెలవు దక్కింది. చర్ల, వెంకటాపురం చేలల్లో మిరపకాయ కోతకు పోయే ఆమెకు అలాంటి సెలవేమీ లేదు. నెల తిరక్కముందే ఆమె చేనుగట్టున చీర ఉయ్యాల కట్టి కోతకు దిగుతుంది. ఘాటుకు బిడ్డ తుమ్ముతుంటే ఇంట్లో ముసలమ్మ దగ్గర వదిలి వెళ్తుంది, అక్కడ సీసా మొదలవుతుంది. ఈ తల్లికి తల్లిపాల వారోత్సవాల బ్యానరు చూపించి ప్రయోజనం లేదు. పని జరిగే చోట ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురుంటే చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలని 2005 ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. ప్రైవేటు చేలకు అలాంటి రాత కూడా లేదు. నెలకు కూలి డబ్బుకు దగ్గరగా వచ్చే సాయం ఆరు నెలలు ఇవ్వకుండా ఆరు నెలలు పాలివ్వమనడమంటే ఖర్చంతా ఆమె నెత్తినే పెట్టి సలహా మాత్రం మనం ఇవ్వడం.

చివరిగా ఇక్కడి సరిహద్దు చిక్కు. 2014లో పోలవరం ముంపు మండలాలను విడదీసినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. చుట్టూ ఉన్న ఊళ్లు ఎటపాక మండలంగా ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. కూనవరం, చింతూరు, వీఆర్ పురం కూడా అంతే. ఆసుపత్రి మాత్రం అందరికీ ఇదే. ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు నుంచీ గర్భిణులు ఇక్కడికే వస్తారు. ఇక్కడ పుట్టిన బిడ్డ మూడో రోజుకు ఇంకో రాష్ట్రంలో ఉంటుంది. పుట్టినప్పటి బరువు ఒక రాష్ట్రం రిజిస్టరులో, ఇంటికి రావాల్సిన ఆశా కార్యకర్త ఇంకో రాష్ట్రం జీతంలో. బరువు ఎంత తగ్గిందో తేల్చాలంటే రెండు అంకెలూ ఒకేచోట ఉండాలి. పుట్టిన బరువు, ఇంటికి పంపేనాటి బరువు రాసిన చీటీ తల్లి చేతికిచ్చి, అదే సాయంత్రం ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఫోనులో చెప్పే ఒక మనిషిని వార్డులో కూర్చోబెట్టడానికి భద్రాచలం, చింతూరు గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏల) అధికారులు ఒక పూట ఎదురెదురుగా కూర్చుంటే సరిపోతుంది. కుంట వైపు ఊళ్లకు తెలుగు చీటీ పనికిరాదు, కోయ భాష వచ్చిన మనిషే ఉండాలి.